ముప్ఫై అయిదు మిల్లీమీటర్ల అవగాహన

కంటి ఆపరేషనుకి కావలసినవి మూడే అనుకున్నాడు నూకరాజు. కన్ను, డాక్టరు, మెషీను. మూడూ ఉన్నాయి గనక పనైపోతుందనుకున్నాడు. పాపం, అతని తెలివి అక్కడిదాకానే వెళ్లింది.

నూకరాజు గోగులంక సబ్‌స్టేషన్లో కాంట్రాక్టు హెల్పరు. గాలివానకి తీగలు తెగితే ముందు పరిగెత్తేది అతనే. పోలెక్కడంలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లంకల్లో లేడని లైన్‌మేన్లే ఒప్పుకుంటారు. ఉన్న లోపమల్లా చూపు. రెండు కళ్లకీ మైనస్ అయిదున్నర. కళ్లజోడు తీస్తే ఎదురుగా వస్తున్నది సొంత పెళ్లామో, పక్కింటి పిన్నిగారో నోరు విప్పేదాకా తేల్చుకోలేడు. పోలు మీద చెమట పడితే జోడు జారిపోతుందని వెనకాల నాడా కట్టుకునేవాడు. ఆ నాడాలు తెగి ఇప్పటికి మూడు జోళ్లు పంటకాలవలో కలిసిపోయాయి.

పదకొండేళ్లు చేసిన చాకిరీ పర్మనెంటు కావాలంటే పోలు పరీక్ష నెగ్గాలి. ఎనిమిది మీటర్ల పోలు ఎక్కి, ఎదుటి పోలుకి కట్టిన అట్ట మీద అంకె గట్టిగా చదివి దిగాలి. కళ్లజోడు పెట్టుకోకూడదు. పరీక్ష మూడేళ్లకోసారి వస్తుంది. ఈసారి జనవరి ఇరవయ్యిన పెట్టారు. వయసు హద్దు ముప్ఫై అయిదు, నూకరాజుకి ముప్ఫై నాలుగు నిండాయి. అంటే ఇదే ఆఖరు. అతని భార్య తాయారు ఈ లెక్క వేసి చూసి, ప్రైవేటులో చేయించే తాహతు మనకి లేదు గానీ జిల్లా నేత్ర వైద్యశాలకి కొత్తగా లేజరు మెషీను వచ్చిందట, వెళ్లి కనుక్కోండి అంది.

జులైలో వెళ్లాడు. అక్కడ డాక్టరు కమలాకరంగారు స్వయంగా సోడాబుడ్డి అద్దాల వెనకనుంచి నూకరాజు కళ్లు పరీక్షించారు. నల్లగుడ్డు మీది పొర మందంగా ఉంది, పవరు మూడేళ్లుగా కదల్లేదు, కంట్లో తడి బాగుంది, ఇంతకన్నా యోగ్యమైన కళ్లు తాను చూడలేదని మురిసిపోయారు.

“రేపు పొద్దున్నే వచ్చెయ్యండి. రెండు కళ్లకీ కలిపి అరగంట పని. నెల తిరిగేసరికి పోలెక్కుదురుగాని,” అన్నారు.

మర్నాడు పొద్దున్నే తలస్నానం చేసి వెళ్లాడు. మెషీను మీద దుప్పటి కప్పి ఉంది. దాని పక్కన డాక్టరుగారు ఒక కాగితం పట్టుకుని, తనకే చుక్కలమందు వేసినట్టు కళ్లార్పుతూ కూర్చున్నారు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, ఆ శని కాగితం రూపంలో ఆ తెల్లవారే వచ్చింది.

దాని పుట్టుక ఇదీ. పదిహేను రోజుల క్రితం రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చి, ఆపరేషను బల్ల ఎక్కబోతున్న ఒక రైతుని ఆపి, ఈ శస్త్రచికిత్స గురించి నీకేం తెలుసు అని అడిగాడు. “డాక్టరుగారికి తెలుసు కదండి, మళ్లీ నాకెందుకండి?” అన్నాడు రైతు. ఆ మాటకి అధికారి నిలువునా కదిలిపోయాడు. విదేశాల్లో రోగులు ఇంటర్నెట్‌లో సంఘాలుగా చేరి, ఒకరి అనుభవం ఒకరికి చెప్పుకుని, అన్నీ తెలుసుకుని మరీ బల్ల ఎక్కుతారని ఆయన ఎక్కడో విన్నాడు. మంచి సంగతే. మంచి సంగతి జనం చేసుకుంటే మంచిగానే ఉంటుంది, కానీ దాన్ని ఉత్తర్వు చేశారు.

ఉత్తర్వుతోపాటు దాన్ని అమలుచేసే మనిషి కూడా వచ్చాడు. రోగి అవగాహన విభాగం ప్రత్యేకాధికారి వేణీమాధవరావుగారు. అంతవరకు ఆయన పట్టుపరిశ్రమ శాఖలో ఉండేవారు. ఆయన నూకరాజుని కుర్చీలో కూర్చోబెట్టి చాలా మర్యాదగా విషయం చెప్పారు.

“చూడండి నూకరాజుగారూ. ఇకమీదట రోగి అంటే కేవలం రోగి కాదు, భాగస్వామి. ఇందు నిమిత్తం మన వైద్యశాల ‘దృష్టిమిత్ర’ అనే అంతర్జాల రోగుల సమాజాన్ని నెలకొల్పింది. తమరు అందులో సభ్యులై, తోటి రోగుల అనుభవాల ద్వారా వెయ్యి అవగాహన మార్కులు ఆర్జించవలసి ఉంటుంది. తదుపరి శస్త్రచికిత్స.”

నూకరాజు డాక్టరుగారి గది వైపు చూసి, ఆయన నిన్ననే అన్నీ చెప్పారండి అన్నాడు. వేణీమాధవరావుగారు జాలిగా నవ్వి, డాక్టరుకి ఉండేది జ్ఞానం, రోగికి ఉండేది అనుభవం, ఉత్తర్వులో రెండో మాటే ఉంది అని వివరించారు.

సరే, ఆర్నెల్లుంది కదా అని నూకరాజు దృష్టిమిత్రలో చేరాడు. ఒక అనుభవం చదివితే ఒక మార్కు. ప్రశ్న వేస్తే రెండు. జవాబు ఇస్తే మూడు. భయపడుతున్న తోటి రోగిని ఓదార్చి, “ఓదార్పు అందినది” అని అతనిచేత మీట నొక్కించుకుంటే అయిదు.

మొదటి నాలుగు రోజులు అతనికి నిజంగానే బాగుంది. తనలాగే జోడు జారిపోయేవాళ్లు లోకంలో ఇంతమంది ఉన్నారని తెలిశాక మనసు తేలికపడింది. పొర పల్చగా ఉన్నవాళ్లకి లేజరు చెయ్యకూడదనీ, కొన్నాళ్లు దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చనీ, కళ్లు పొడిబారవచ్చనీ, ఇవన్నీ డాక్టరుని అడిగి తెలుసుకోవలసిన సంగతులనీ ఎవరో ఒక పంతులమ్మ ఓపిగ్గా రాసింది. నూకరాజు అవన్నీ చిన్న పుస్తకంలో ఎక్కించుకున్నాడు. అడగవలసిన ప్రశ్నలు చేతిలో ఉంటే ధైర్యంగా ఉంటుందని తాయారుతో అన్నాడు కూడా.

అయిదో రోజుకి జనం మార్కుల లెక్క కనిపెట్టేశారు. ఒక్క ఓదార్పు అయిదు చదువులకి సమానమైనప్పుడు చదివేదెవడు? అందరూ ఓదార్చడానికి దిగారు. ఓదార్చాలంటే ఎదుటివాడు భయపడాలి గనక, ఒప్పందం మీద వంతులవారీగా భయపడడం మొదలెట్టారు. చేపలచెరువు కాపలాదారు ఒకాయన పొద్దున భయపడితే నూకరాజు ఓదార్చేవాడు, మధ్యాహ్నం నూకరాజు భయపడితే ఆయన ఓదార్చేవాడు. ఇలా అబద్ధానికి భయపడగా భయపడగా, కొంతకాలానికి కొందరికి నిజంగానే భయం పట్టుకుంది. ఆపరేషనయ్యాక కంద తినవచ్చా, గ్రహణం చూడవచ్చా, అత్తగారితో పోట్లాడవచ్చా అని చర్చలు సాగాయి. కాంతివలయాల మీద మూడు పేజీలు రాసి పేరు తెచ్చుకున్న ఒకాయనని, మీకు ఆపరేషను ఎప్పుడయిందండి అని నూకరాజు అడిగాడు. తనకింకా కాలేదనీ, బావమరిది ఆఫీసులో ఒకరికి అయిందని విన్నాననీ ఆయన నిజాయితీగా ఒప్పుకున్నాడు.

అప్పుడు నూకరాజుకి అనుమానం వచ్చి ఒక్కొక్కరినే అడుగుతూ పోయాడు. పన్నెండు వందల మంది సభ్యుల్లో ఆపరేషను అయినవాళ్లు ఒక్కరూ తేలలేదు. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. ఆపరేషనై చూపు వచ్చినవాళ్లు వాళ్ల పనులకి వాళ్లు పోయారు. చూపు బాగున్నవాడు పొద్దస్తమానం కళ్ల గురించి ఎందుకు మాట్లాడతాడు? ఇక కొత్తగా ఎవరికైనా అవుదామంటే వెయ్యి మార్కులు కావాలి. ఆలు లేదు చూలు లేదు, పన్నెండు వందల మంది కలిసి కొడుక్కి పేరు పెడుతున్నారు.

డాక్టరు కమలాకరంగారికి మూడు నెలలుగా పని లేదు. రోజూ ఉదయం దుప్పటి తీసి మెషీను దుమ్ము తుడిచి మళ్లీ కప్పేవారు. ఆ తర్వాత ఉండబట్టలేక ఆయన కూడా దృష్టిమిత్రలో చేరి, కంద తినవచ్చునని జవాబు రాశారు. గంటలో దాన్ని తీసేశారు. స్వానుభవం లేని సలహా సమాజ నియమావళికి విరుద్ధమని తాఖీదు వచ్చింది. ఆయన మళ్లీ రాయాలంటే మూడు వందల మార్కులు తెచ్చుకోవాలట. పాపం, ఆయన్ని ఓదార్చి నూకరాజు అయిదు మార్కులు సంపాదించాడు.

అక్టోబరు సమీక్షలో వేణీమాధవరావుగారు, ఈ వైద్యశాలలో శస్త్రచికిత్స అనంతర సమస్యలు సున్నాకి తగ్గాయని పైకి నివేదించారు. అబద్ధం కాదు. ఆయనకి ప్రశంసాపత్రం వచ్చింది.

నవంబరు మొదటి వారంలో నూకరాజు తొమ్మిది వందల తొంభై దాటాడు. అదే వారం ఉత్తర్వుకి సవరణ వచ్చింది. సమాజంలో పరోక్షానుభవాలు మితిమీరినట్టు గమనించడమైనది, కావున వెయ్యి మార్కులకు అదనంగా, శస్త్రచికిత్స జరిగిన ఒక వ్యక్తి నుంచి రెండు వందల మాటలకు తగ్గని ప్రత్యక్షానుభవ పత్రం జతపరచవలెను.

“జరిగినవాళ్లు ఎక్కడున్నారండి?” అన్నాడు నూకరాజు.

“అన్వేషణ కూడా అవగాహనలో భాగమే,” అన్నారు వేణీమాధవరావుగారు.

అన్వేషించగా రైల్వేగేటు దగ్గర ఇడ్లీ హోటలు గంగాభవాని దొరికింది. మెషీను వచ్చిన కొత్తలో, ఉత్తర్వు రాకముందు, ఆవిడకి లేజరు చేశారు. నూకరాజు వెళ్లేసరికి హోటలు ముందు నలభై మంది కళ్లజోళ్లవాళ్లు వరసకట్టి ఉన్నారు. ఒక్కరూ ఇడ్లీ తినడానికి రాలేదు. అందరూ అనుభవం అడుగుతున్నారు. ఆవిడ అందరికీ ఒకటే మాట చెబుతోంది.

“బానే ఉందండి.”

ఆ మాట రాసుకుని ఆసుపత్రికి పరిగెత్తినవాళ్లు ముఖాలు వేలాడేసుకుని తిరిగొచ్చారు. “బానే ఉంది” అన్నది అనుభవం కిందికి రాదని, పత్రాలు పరిశీలించే అవగాహన కమిటీ తేల్చిందట. అందులో బాధ లేదు, భయం లేదు, మలుపు లేదు. రెండు వందల మాటలకి నూట తొంభై ఎనిమిది తక్కువ.

గంగాభవాని రెండు రోజులు చూసి హోటలుకి తాళం వేసి పుట్టింటికి పోయింది. నూకరాజు ఆ ఊరు కనుక్కుని మరీ వెళ్లాడు. అనుభవం అడగలేదు. వాళ్ల వీధిలో పోలు మీద ఫ్యూజు పోయి మూడు రోజులుగా ఎవరూ రాలేదంటే, లైను ఆపించి ఎక్కి బాగుచేశాడు. నాడా కట్టుకుని చెమటలు కక్కుతూ దిగిన మనిషిని చూసి ఆవిడకి మనసు కరిగింది.

“నాకూ ఇంతేరా తమ్ముడూ. ఇడ్లీపాత్ర మూత తీస్తే ఆవిరికి అద్దాలు మసకేసి ఏమీ కనబడేది కాదు. ఓసారి చట్నీ అనుకుని సున్నం వడ్డించబోయాను. రాసుకో, చెబుతాను,” అంది.

రాసుకున్నాడు. రెండు వందల ఇరవై మాటలు. అందులో నూట ఎనభై మాటలు మినప్పప్పు ఎంతసేపు నానాలన్న సంగతే. కమిటీ దాన్ని చదివి, రోగి జీవన నేపథ్యం చక్కగా ఆవిష్కృతమైందని ఆమోదించింది.

అలా డిసెంబరు పదో తేదీకి జిల్లా మొత్తం మీద పూర్తి అవగాహన పొందిన మొదటి రోగి నూకరాజు అయ్యాడు. వేణీమాధవరావుగారు శాలువా కప్పారు. ఇవాళ్టికి ఆపరేషనైతే జనవరి ఇరవయ్యికి నలభై రోజులు, సరిపోతుందని తాయారు వేళ్ల మీద లెక్కపెట్టి సబ్‌స్టేషనంతా పేలాలుండలు పంచింది. డాక్టరుగారైతే దుప్పటి మడతపెట్టి బీరువాలో దాచేశారు.

అయితే ఆపరేషనుకి ముందు మరోసారి పరీక్షలు చెయ్యాలి. ఆయన నూకరాజు కింది రెప్పలో సన్నటి కాగితం ముక్క దోపి, అయిదు నిమిషాలు కళ్లు మూసుకోమన్నారు. కాగితం ఎంత మేర తడిస్తే కంట్లో అంత నీరున్నట్టు. తీసి చూసి, మళ్లీ పెట్టి చూసి, కుర్చీలో కూలబడ్డారు.

“మూడు మిల్లీమీటర్లు. జులైలో పదహారుండేది. ఏం చేశారండి ఈ కళ్లని?”

నూకరాజు ఏం చేశాడు? రోజుకి ఎనిమిది గంటలు రెప్పవెయ్యకుండా ఫోను చూస్తూ భయపడ్డవాళ్లనల్లా ఓదార్చాడు. అంతమంది కన్నీళ్లు తుడిచినవాడి కంట్లో చుక్క నీరు మిగల్లేదు. ఇంత పొడిబారిన కంటికి లేజరు చెయ్యడం తప్పనీ, చుక్కలమందు వేస్తూ కనీసం నెలరోజులు ఫోను ముట్టుకోకుండా ఉంటే తడి మళ్లీ ఊరుతుందనీ డాక్టరుగారు చెప్పారు. సంక్రాంతికి ముందు చేసేద్దాం, పరీక్ష రోజుకి చూపు కాస్త కుదురుకుంటుంది, అవగాహన విభాగానికి నేను ఉత్తరం రాసిస్తాను అని ధైర్యం కూడా చెప్పారు.

ఆ సంగతి విని వేణీమాధవరావుగారు నియమావళి తిరగేసి ఒక వాక్యం చూపించారు. ఏడు రోజులు సమాజంలో కనిపించని సభ్యుని అవగాహన రద్దగును.

“ఫోను చూస్తే ఆపరేషను చెయ్యరండి, చూడకపోతే ఆపరేషనుకి వీల్లేదండి. మరి నేను ఏ దోవన పోవాలండి?” అన్నాడు నూకరాజు. అతను ఎవరితోనూ గొంతు పెంచినవాడు కాదు. అప్పుడూ పెంచలేదు.

“మీ ఆవేదన సమంజసమే. దయచేసి దృష్టిమిత్రలో నమోదు చెయ్యండి. తోటి సభ్యులు ఓదారుస్తారు,” అన్నారు వేణీమాధవరావుగారు.

ఇంటికొచ్చి చెబితే తాయారు ఆ ఫోను తన చేతిలోకి తీసుకుంది. మీరు కళ్లు మూసుకుని పడుకోండి, మీ పేరు మీద నేను ఓదారుస్తానంది. అలాగే పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఓ చేత్తో గరిటె, ఓ చేత్తో ఫోనూ పట్టుకుని వచ్చినవాళ్లందరికీ, కంగారు పడకండి, బానే ఉంటుందండి అని రాస్తూ పోయింది. పద్దెనిమిది రోజులు ఏ గొడవా లేకుండా గడిచాయి. పంతొమ్మిదో రోజున, ఓదార్పుశైలిలో ఆకస్మిక మార్పు గమనించడమైనది అంటూ నోటీసు వచ్చింది. నూకరాజుగారు పూర్వం ఒక్కొక్కరినీ పేరుపేరునా నలభై మాటల్లో ఓదార్చేవారు, ప్రస్తుతం నాలుగు మాటలే వాడుతున్నారు, ఇది అన్యుల ప్రమేయాన్ని సూచిస్తున్నది, కావున మార్కులన్నీ రద్దు. మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టవచ్చునని కింద రాసి ఉంది.

డాక్టరు కమలాకరంగారు ఆ నోటీసు చూసి, పోనీ ఉత్తర్వూ గిత్తర్వూ పక్కనపెట్టి, తడి ఊరగానే నేను చేసేస్తానని లేచారు. చేసేవారే. మెషీను గది తాళం అప్పటికి అవగాహన విభాగం అధీనంలోకి పోయింది.

జనవరి ఇరవయ్యిన నూకరాజు పోలు పరీక్షకి వెళ్లాడు. జోడు తీసి తాయారు చేతికిచ్చి, పోలుకి దణ్ణం పెట్టి ఎక్కాడు. అంత చులాగ్గా ఆ రోజు ఇంకెవరూ ఎక్కలేదు. కింద నిలబడ్డ ఇంజనీర్లు గడియారం చూసుకుని ఒకరితో ఒకరు మెచ్చుకున్నారు. పైన కాళ్లు మెలేసి కూర్చుని ఎదుటి పోలు వైపు చూశాడు. అట్ట లేదు. పోలూ లేదు. ఆకాశమూ, కొబ్బరిచెట్లూ కలిపి ఎవరో తడిగుడ్డతో తుడిచినట్టుంది. అంకె చదవవయ్యా అని కిందనుంచి రెండుసార్లు అడిగారు. కింద నిలబడ్డ తాయారుకి ఆ అంకె స్పష్టంగా కనిపిస్తోంది. ఏడు వందల నలభై రెండు. పెదవి చివరిదాకా వచ్చిన మాటని ఆవిడ మింగేసింది, చెబితే అతను ఒప్పుకోడని ఆవిడకి తెలుసు.

“కనబడట్లేదండి,” అని నూకరాజు దిగిపోయాడు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లాడు. పని ఉండి కాదు. మంచిగా చూసిన మనిషి గనక డాక్టరుగారికి ఒక మాట చెప్పిపోదామని వెళ్లాడు. ఏమీ తోచనప్పుడు డాక్టర్లు పరీక్ష చేస్తారు. ఆయన కాగితం ముక్కలు తీసి రెండు రెప్పల్లోనూ దోపి, పోలు పరీక్ష ఎలా జరిగిందో చెప్పమన్నారు. నూకరాజు చెప్పడం మొదలెట్టాడు. ఎంత వేగంగా ఎక్కాడో చెప్పాడు. పైనుంచి ఏం కనబడిందో చెప్పాడు. పదకొండేళ్ల గురించి చెప్పబోయి ఆగిపోయాడు.

అయిదు నిమిషాలు అక్కర్లేకపోయింది. కాగితాలు ఈ చివరనుంచి ఆ చివరదాకా తడిసి, చొక్కా మీద కూడా చుక్కలు పడ్డాయి.

“ముప్ఫై అయిదు. ఇంతకు మించి ఈ కాగితం మీద గీతల్లేవు,” అన్నారు డాక్టరుగారు. “ఇప్పుడు సరిపోయాయండి.”

“ఇప్పుడెందుకండి?” అన్నాడు నూకరాజు.

అటుగా వెళుతున్న వేణీమాధవరావుగారు తలుపు దగ్గర ఆగి, ఆ అంకె విని, లోపలికి వచ్చారు. తడికాగితాన్ని వెలుతురుకి పట్టి చూశారు. ఆయన ముఖం విప్పారింది. డిసెంబరులో ఎంత, జనవరిలో ఎంత అని మళ్లీ అడిగి రాసుకున్నారు. సాయంత్రానికల్లా నివేదిక పైకి వెళ్లింది. ‘దృష్టిమిత్ర ద్వారా సంపూర్ణ అవగాహన పొంది, తదుపరి తగినంత కాలం నిరీక్షించిన రోగియందు, కన్నీటి పరిమాణం మూడు మిల్లీమీటర్ల నుంచి ముప్ఫై అయిదు మిల్లీమీటర్లకు అనగా సుమారు పన్నెండు రెట్లు వృద్ధి చెందినట్లు శాస్త్రీయంగా రుజువైనది. కావున ఈ విధానాన్ని అన్ని జిల్లాలకూ విస్తరింపజేయ ప్రార్థన.’

విస్తరింపజేశారు. విజయగాథల పుస్తకానికి మొదటి పేజీలో వెయ్యాలి, లబ్ధిదారుడి ఫొటో పంపమని వారంలో కబురొచ్చింది. నూకరాజు డ్యూటీ మధ్యలో ఆ ఖాకీ చొక్కాతోనే వచ్చి, మళ్లీ దుప్పటి కప్పిన మెషీను మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఫొటో తీసేవాడు రెండుసార్లు ప్రయత్నించి, అద్దాల మీద వెలుగు పడి మెరుస్తోంది, కళ్లు కనబడటం లేదు సార్ అన్నాడు.

“నూకరాజుగారూ, ఆ కళ్లజోడు తీసెయ్యండి,” అన్నారు వేణీమాధవరావుగారు.

నూకరాజు తీశాడు. ఆర్నెల్ల పైచిలుకు తిరిగిన ఆ ఆసుపత్రిలో, పరీక్షలకి తప్ప, అతని కళ్లజోడు వదిలింది ఆ ఒక్క నిమిషమే.